ఇరవై అక్షరాల్లో పట్టని అమ్మవారు

పెదజాలారిపేట,
విశాఖపట్నం.
20-4-2003

నా బంగారు తల్లి సూర్యకళకు,

నాన్న రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వు బాగున్నావని నీ ఉత్తరమే చెప్పింది. ఉద్యోగం పర్మనెంటు అయిందని కూడా చెప్పింది. ఆ ఒక్క ముక్కని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ముందు మీ అమ్మకు చదివాను. తర్వాత గుమ్మంలో నిలబడి వీధికి చదివాను. తర్వాత హార్బరుకు పట్టుకెళ్లి జెట్టీ మీద చదివాను. "పోర్టుబ్లెయిర్ హార్బర్ ఆఫీసు, కంప్యూటర్ సెక్షన్, పర్మనెంట్." అయిదో తరగతిలో చదువు ఆపేసినవాణ్ణి, ఈ వయసులో ఇంత గట్టిగా పాఠం చదువుతానని అనుకోలేదు. మూడో రోజుకి మీ అమ్మకు విసుగొచ్చింది.

"సాల్లే, ఊరుకో. వీదంతా సదివీసినావు. ఆ కాయితం ఇలగియ్యి, దిష్టి తీసీత్తాను" అని నీ ఉత్తరానికి ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పునే వేసింది, ఉత్తరం నా జేబులోనే ఉంది.

పదిహేనో తారీఖు నుంచి వేట నిషేధం. బోట్లన్నీ ఆగిపోయాయి. కొన్నిటిని ఒడ్డుకు లాగి, చెక్క గీకి, రంగులు వేస్తున్నారు. హార్బరంతా పెయింటు వాసన. నేను మాత్రం రోజూ సంఘం గదిలో కిటికీ దగ్గర నీ కంప్యూటరు ముందే కూర్చుంటున్నాను. బయటికి వెళ్లిన బోట్ల పేర్లు ఎక్కించడానికి, ఆడవాళ్లు వచ్చి "మా బోటు ఒచ్చినాదా" అంటే చూసి చెప్పడానికి నువ్వు చేసిపెట్టిన ఆ ప్రోగ్రామును రోజూ తుడిచి పెడుతున్నాను. ప్రోగ్రామును కాదు, డబ్బాని.

ఒక చిన్న సంగతి. రాయకూడదనుకున్నాను గానీ చిన్నదే కదా అని రాస్తున్నాను. కంప్యూటరులో బోట్ల పేర్లన్నీ పోయాయి. మళ్లీ మొదటి నుంచి ఎక్కిద్దామంటే కొన్ని పేర్లు తీసుకుంటోంది, కొన్ని తీసుకోవడం లేదు. ఇంగ్లీషులో ఏదో అంటోంది. మన సంఘం సెక్రటరీ శ్రీనివాసరావు చూసి, "బావా, జూన్ ఒకటిన బోట్లు దిగుతాయి. ఆవేళ పొద్దుట అన్ని పేర్లూ ఎక్కితే సరి. లేపోతే ఈ డబ్బా తీసీసి ఈ గదిలో వలలు పడీసుకుంతాం" అన్నాడు. కమిటీ కూడా సరేనంది.

నువ్వు ఏమీ బెంగ పెట్టుకోకు. జూన్ ఒకటికి ఇంకా చాలా రోజులున్నాయి.

నీ నాన్న,
తాతబాబు


పోర్టుబ్లెయిర్,
29-4-2003

నాన్నకు,

సూర్యకళ. ఉత్తరం నిన్న అందింది. నేను బాగున్నాను. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి సంఘం నంబరుకు రెండుసార్లు ఫోను చేశాను. "హలో", "ఎవులు", "హలో" అన్నంతవరకే లైను నిలబడింది. కమాండ్లు ఫోనులో చెప్పడం కుదరదు, ఉత్తరాల్లోనే రాస్తాను.

పేర్లు వాటంతట అవి పోవు నాన్నా. దాన్ని ఎవరు ముట్టుకున్నారు?

ముందు ఒక్కటే చెయ్యి. ఆ కంప్యూటరు లైనక్స్ మీద నడుస్తుంది. పేర్లు దాచే పని అందులో ఉన్న పోస్ట్‌గ్రెస్ అనే ప్యాకేజీది. నేను పెట్టింది 7.1.3. ఇప్పుడు ఎంత ఉందో చూడాలి. నల్ల తెర మీద ఏం కొట్టాలో వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. అది కొట్టి, వచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. తీసుకోని పేర్లకి ఏమంటోందో అది కూడా.

ఈలోగా ఇంకేమీ చెయ్యొద్దు. ఎవరు చెప్పినా సరే.

సూర్యకళ


పెదజాలారిపేట,
8-5-2003

నా తల్లికి,

నీ కాగితం నిన్న అందింది. ఈవేళ పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి మరీ వెళ్లి కొట్టాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టేసరికి ఒక టీ చల్లారిపోయింది. కానీ కొట్టగానే జవాబు వచ్చింది తల్లీ. నేను అడిగితే లైనక్స్ నాకు జవాబు చెప్పింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పక్కనే రంగు కలుపుతున్న మైఖేలుని పిలిచి చూపించాను. "ఏటన్నాది?" అన్నాడు. "ఏదో అన్నాది, సాలదేటి?" అన్నాను.

అది అన్నది ఇది. ఏడు, చుక్క, రెండు, చుక్క, ఒకటి.

నువ్వు పెట్టింది ఏడు, ఒకటి, మూడు అన్నావు. ఇది ఎలా మారిందో నాకు తెలియదు. కిటికీ సముద్రం వైపు ఉంది. ఉప్పుగాలికి ఏదైనా జరగొచ్చు.

పేర్ల సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి కదా, వెంటనే తీసుకునేవి చిన్న పేర్లు. మైఖేలు బోటు పేరు వాళ్ల అమ్మాయిది, రేచల్. అలా కొట్టగానే ఇలా మింగేసింది. "శ్రీ నూకాలమ్మ తల్లి కామరాజు" అని కొడితే మాత్రం ఎర్రర్ అని మొదలుపెట్టి, విలువ మరీ పొడవు అన్నట్టు ఒక ముక్క, చివర ఇరవై అని అంకె. శ్రీ నూకాలమ్మ తల్లి సత్యం అన్నా అదే మాట. శ్రీ నూకాలమ్మ తల్లి శ్రీనివాసరావు అన్నా అదే మాట. సెక్రటరీ అని కూడా చూడలేదు.

నువ్వు ఇంకేమీ చెయ్యొద్దన్నావు. నేను కంప్యూటరుకి ఏమీ చెయ్యలేదు. బోట్ల యజమానుల దగ్గరికి వెళ్లి, పేర్లు కొంచెం తగ్గించుకోమని అడిగాను. అది నేను చేసిన తప్పు.

కామరాజు రంగు డబ్బా కింద పెట్టి లేచాడు. "ఏటి బావా, అమ్మోరి పేరు తగ్గించాలా? తల్లి తీసీమంతావా, శ్రీ తీసీమంతావా? ఆ తల్లి పేరు సెప్పుకునే గదా నాను నీలల్లోకి దిగుతన్నాను."

"తల్లిని తీయక్కర్లేదు. నీ పేరు తీసీ" అన్నాను.

"నా పేరు తీసీత్తే బోటు ఎవులిదని తెలుత్తాది? సత్యంగాడిది అనుకుంతారు."

సత్యం అక్కడే వల కుడుతున్నాడు. "అనుకుంతే నీకేటి నష్టం? నా బోటు బాగానే ఉంది" అన్నాడు. ఇక ఇద్దరికీ గొడవ పట్టుకుంది. దాంతో కామరాజు నావైపు తిరిగి, "మా అమ్మోరిని ఒద్దంతాది, మైకేలు బోటుని రమ్మంతాది. నీ కూతురి మిసను ఏటి బావా, మతం మారిపోనాదేటి?" అన్నాడు. మైఖేలు నవ్వి, "నా బోటుకి నా కూతురి పేరు ఎట్టుకున్నాను, ఆరక్షరాలు. మీరూ కూతుళ్ల పేర్లు ఎట్టుకోండి, అమ్మోరికి కాస్త రెస్టు ఇయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ ఒక్కడూ ఒక్క అక్షరం తగ్గించుకోలేదు.

మొత్తం నూట పన్నెండు బోట్లలో డెబ్భై మూడు ఎక్కాయి. ముప్పై తొమ్మిది బయటే ఉన్నాయి. శ్రీనివాసరావు రోజూ గదిలోకి తొంగి చూసి, వలలు ఎక్కడ పెడతాడో కళ్లతోనే కొలుచుకుంటున్నాడు.

నీ నాన్న


పోర్టుబ్లెయిర్,
14-5-2003

నాన్నకు,

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. వెర్షన్ పెరగదు.

ఎవరు చేశారో ఇప్పుడు అడగను. టైము లేదు. బోట్ల పేర్లు తగ్గించమని ఇంకెవర్నీ అడగొద్దు. వాళ్ల తప్పేమీ లేదు.

7.2.1 తీసేసి మళ్లీ 7.1.3 పెట్టాలి. అదే పెట్టాలి, ఇంకేదీ వద్దు. దాని సీడీ ఇంట్లో ఇనప్పెట్టెలో, నా టెన్త్ మార్కుల కాగితాల కింద, పసుపు కవరులో ఉంది. ఏం కొట్టాలో రెండు వైపులా రాశాను. ముందు తీసెయ్యడం, తర్వాత పెట్టడం. పెట్టేటప్పుడు మూడు ప్యాకేజీలు ఉంటాయి, నేను వేసిన అంకెల వరసలోనే పెట్టు. చివర నా పాత ఫ్లాపీ పెట్టి సెటప్ నడుపు. అప్పుడు అన్ని పేర్లూ తీసుకుంటుంది.

ఎందుకు అదే పెట్టాలంటే, నా ప్రోగ్రాము దాంతోనే నడుస్తుంది. అంతే.

అమ్మను అడిగినట్టు చెప్పు.

సూర్యకళ


పెదజాలారిపేట,
21-5-2003

నా చిట్టి తల్లికి,

అయిపోయింది. నూట పన్నెండు బోట్లూ ఎక్కాయి. ఈ మాట ముందే రాసేస్తున్నాను, లేకపోతే నువ్వు చివరిదాకా కంగారుపడతావు. ఇక ఎలా అయిందో తీరిగ్గా విను.

సీడీ నువ్వు చెప్పిన చోటే ఉంది. నీ మార్కుల కాగితాలు కనబడితే వాటిని కూడా ఒకసారి చదువుకున్నాను, అందుకే ఒక పూట ఆలస్యమైంది.

తీసెయ్యడం సులువుగానే అయింది. పెట్టడం దగ్గర నాకు నీ వరస నచ్చలేదు. మూడింటిలో పెద్దది, అసలు పని చేసేది, నువ్వు మూడో అంకె వేశావు. పిలుపులకి వెళ్తే పెద్దింటికి ముందు వెళ్తాం కదా అని దాన్నే ముందు పిలిచాను. అది రానంది. ఇంకెవరో కావాలంది. ఆ ఇంకెవరో నువ్వు ఒకటో అంకె వేసిన చిన్నది. సరే, మన ఇళ్లల్లోనూ అలిగే పెద్దలు ఉంటారు కదా అని చిన్నదాన్నే ముందు పిలిచాను.

అక్కడే నాలుగు గంటలు పోయాయి తల్లీ. చిన్నదాన్ని పెట్టమని కొట్టాను. అది ఏమీ అనలేదు. తెర మీది గీత ఒకటి కిందికి దిగి ఊరికే మెరుస్తూ కూర్చుంది. మన హార్బరులో ఏ వేలం పాటైనా మూడుసార్లు అంటేనే ఖాయం. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని అరవకుండా ఒక గంప రొయ్యలైనా చేతులు మారవు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అదే చూశాను. అందుకని రెండోసారి కొట్టాను. వెంటనే ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యం అంది. మూడోసారి కొట్టాను. అదే వాక్యం. పాట ఖాయం కాలేదనుకుని, మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఒకటోసారి మౌనం, రెండోసారి వాక్యం. ఇలా నాలుగుసార్లు.

మీ అమ్మ మధ్యాహ్నం అన్నం పట్టుకొచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఏటి సేత్తన్నావు?"

"అడుగుతన్నాను. ఒప్పుకోడం లేదు."

"మొదట అడిగినప్పుడు ఏటన్నాది?"

"ఏటీ అనలేదు."

"మరి ఒప్పీసుకున్నాది గదా. రెండోతూరి అడిగితే ‘ఇచ్చీసినాను గదా, మళ్లీ ఏటి’ అంతంది. నానైనా అలగే అంతాను. అన్నం తిను."

అప్పుడు నీ కాగితం వెనక్కి తిప్పి చూశాను. "ఏమీ అనకపోతే అయిపోయినట్టే" అని నువ్వు రాసే ఉంచావు. మీ అమ్మకు చదువు లేదు, లైనక్స్ వచ్చేసింది.

తర్వాత అన్నీ ఒక్కొక్కసారే కొట్టాను. నీ ఫ్లాపీ పెట్టాను. పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాను. శ్రీ నూకాలమ్మ తల్లి కామరాజు అని కొట్టి, కళ్లు మూసుకుని మీట నొక్కాను. తీసుకుంది. రెండు రోజుల్లో ఒక వేలితో నూట పన్నెండూ ఎక్కించాను. ఆ వేలు ఇప్పుడు వాచింది, ఈ ఉత్తరం పక్క వేలితో పెన్ను పట్టుకుని రాస్తున్నాను.

శ్రీనివాసరావు వచ్చి జాబితా పొడవు చూసి, "పరవాలేదు, అన్నీ ఎక్కినాయి" అన్నాడు. నాకు ఇంకేం కావాలి. మా సూర్యకళ పోర్టుబ్లెయిర్‌లో కూర్చుని, సముద్రం అవతల నుంచి, మిషనుని బాగుచేసిందని జెట్టీ మీద అందరికీ చెప్పాను. వినని వాళ్లకి మళ్లీ చెప్పాను.

నీ నాన్న


పెదజాలారిపేట,
24-5-2003

సూర్యకళకు,

మూడు రోజుల కిందటే ఉత్తరం రాశాను. అందులో ఒక నిజం దాచాను. అంతకు ముందు దాంట్లో అబద్ధమే రాశాను. ఉప్పుగాలి కాదు. నేనే.

వేట ఆగిన నెలన్నరలో ఏ బోటుకైనా పాత రంగు గీకి కొత్త రంగు వేస్తాం. జూన్‌లో పాత రంగుతో బోటు దిగితే, ఇంట్లో ఏటైనా అయినాదేటి అని జనం అడుగుతారు. నీ ఉద్యోగం పర్మనెంటు అయిన ఉత్తరం అప్పుడే వచ్చింది. నాకు నేల మీద కాలు నిలవలేదు. అందరి బోట్లకీ కొత్త రంగు పడుతోంది, నా కూతురి మిషను ఒక్కటే పాతదానితో ఎందుకు ఉండాలి అనిపించింది. డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్లు బాగుచేసే మన వీరేంద్రని అడిగాను. "మావయ్యా, పుస్తకంతో కొత్త సీడీ ఒచ్చినాది. నీకాడ 7.1 ఉంది, ఇది 7.2. ఏసీమంతావా?" అన్నాడు. ఏసీమన్నాను. పాతదాన్ని ముందు శుభ్రంగా గీకెయ్యమని కూడా నేనే చెప్పాను. గీకకుండా వేస్తే కొత్త రంగు నిలవదు కదా. అలా గీకడంలోనే పేర్లన్నీ పోయాయి. ఏం చెయ్యాలో నీకు ఈమెయిలు పంపి అడుగుతానని వాడు అన్నా నేనే వద్దన్నాను. వాడు రాస్తే నీకు నిజం రాసేస్తాడు.

ఇది చెప్పడానికే అయితే ఇంకొక నెల ఆగేవాణ్ణి. చెప్పాల్సింది వేరే ఉంది.

నిన్న కామరాజు కోడలు అనూరాధ వచ్చింది. మొన్న మాఘమాసంలో పెళ్లయి వచ్చింది, ఇంటర్ చదివింది, టైపు కూడా నేర్చుకుంది. మామగారి బోటు పేరు కంప్యూటరులో చూస్తానంది. గొప్పగా జాబితా తెరిచి చూపించాను.

"మావయ్యా, మాది ఏది?"

"అదిగో."

"ఇలగే ఇంకా రెండున్నాయి గదా."

తల దగ్గరగా పెట్టి చూశాను. శ్రీ నూకాలమ్మ తల్లి. శ్రీ నూకాలమ్మ తల్లి. శ్రీ నూకాలమ్మ తల్లి. మూడుసార్లు. కామరాజు లేడు, సత్యం లేడు, శ్రీనివాసరావు లేడు. ఇరవై అక్షరాల తర్వాత అందర్నీ కోసేసింది. నేను ఎక్కించేటప్పుడు కీబోర్డు చూస్తూ కొట్టాను, తెర చూడలేదు.

"మరి మా ఆయన ఏటకెల్తే, ఒచ్చినాడో లేదో నాను ఎలగ తెలుసుకుంతాను?" అంది.

"నాను సెప్తాను గదమ్మా. జెట్టీ ఇక్కణ్ణించి కనబడతాది. మీ బోటుకి పచ్చ చార ఉంటాది."

"నువ్వు లేనప్పుడో?"

నిజం చెప్తే, పోయిన సీజనంతా నేను ఒక్కసారి కూడా నీ తెర చూసి ఎవరికీ జవాబు చెప్పలేదు తల్లీ. ఆడవాళ్లు అడగ్గానే కిటికీలోంచి జెట్టీ వైపు చూసి చెప్పాను. ముప్పై అయిదేళ్లు బోటు మీద ఉన్నవాణ్ణి, పడవ ముక్కు చూస్తే ఎవరిదో తెలుస్తుంది. మిషను చెప్పిందని నీ పేరు పైకి చెప్పాను.

7.1.3 పెట్టమన్నది నువ్వు. నీకు తెలియనిది నాకు తెలియదు. కానీ కొత్తది కనీసం పట్టదని అరిచింది. ఇది కోసేసి ఊరుకుంది. ఏం చెయ్యాలి? ఈ ఉత్తరం నీకు చేరేసరికి జూన్ వచ్చేస్తుంది.

నాన్న


పోర్టుబ్లెయిర్,
25-5-2003

నాన్నా,

పద్నాలుగున నేను రాసినదానికి నీ జవాబు ఇంకా అందలేదు. అందేలోగా ఇది పంపిస్తున్నాను. రేపు విశాఖ ఓడ బయలుదేరుతుంది. అందులో పనిచేసే మన వాడ దుర్గారావు చేతికి ఈ ఉత్తరం, ఒక ఫ్లాపీ ఇస్తున్నాను.

7.1.3 పెట్టొద్దు. పెట్టేసి ఉంటే తీసెయ్యి.

కొత్త వెర్షన్లో తప్పు లేదు. తప్పు నా ప్రోగ్రాములో ఉంది. బోటు పేరుకు నేను ఇరవై అక్షరాల చోటే ఇచ్చాను. కాలేజీలో కూర్చుని రాశాను కదా, మనవాళ్ల బోట్ల పేర్లు ఎంత పొడవుంటాయో అక్కడ గుర్తు రాలేదు. పాత వెర్షన్ మిగతాది కోసేసి ఏమీ అనదు. కొత్తది కొయ్యదు, పట్టడం లేదని చెప్తుంది. అందుకే నీకు పాతదే పెట్టమన్నాను. నా తప్పు ఎవరికీ కనబడకూడదని.

ఇది నాకు ఏప్రిల్లో తెలిసింది కాదు. జనవరిలోనే తెలుసు. నేను బయలుదేరడానికి అయిదు రోజుల ముందు నువ్వు భోజనానికి వెళ్తే నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. సత్యం బాబాయి భార్య కామేశ్వరి పిన్ని వచ్చి, బోటు వచ్చిందా అని అడిగింది. తెర చూసి, శ్రీ నూకాలమ్మ తల్లి వచ్చేసింది పిన్నీ అన్నాను. ఆవిడ సంబరంగా వంట చెయ్యడానికి వెళ్లిపోయింది. వచ్చింది కామరాజు బోటు. బాబాయి బోటు తర్వాత రెండు రోజులకు వచ్చింది. ఆ రెండు రోజులూ గాలి ఎలా ఉందో నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు చూసి తెలుసుకున్నాను, ఎందుకలా అయిందో. సరిచెయ్యకుండా ఓడెక్కాను. ఉద్యోగం వచ్చిన ఆనందంలో నువ్వు ఊరంతా నా గొప్ప చెప్తున్నావు. ఆ మధ్యలో ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఫ్లాపీలో కొత్త సెటప్ ఉంది. పేరుకు అరవై అక్షరాలు. 7.2.1 పెట్టి దీన్ని నడుపు, పేర్లు మళ్లీ ఎక్కించు. అరవై దాటితే అది ఆపి అడుగుతుంది. అడగనివ్వు. గొడవ పెట్టేదే మనకు కావాలి.

ఉప్పుగాలి తెచ్చిన 7.2.1 సీడీ, మనవాళ్లల్లో ఈ పని తెలిసింది వీరేంద్రకే కాబట్టి, వాడి దగ్గరే ఉంటుంది, తీసుకో.

సూర్యకళ


పెదజాలారిపేట,
4-6-2003

నా బంగారు తల్లి సూర్యకళకు,

ఇన్నాళ్లూ నా కూతురు కంప్యూటరు చదివిందని గర్వపడ్డాను. ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం దుర్గారావు ఓడ దిగి నీ కవరు ఇచ్చాక, అందులో నువ్వు రాసింది చదివాక, ఇంకా ఎక్కువ గర్వంగా ఉంది. దీన్ని మాత్రం వీధికి చదవలేదు. మీ అమ్మకు ఒక్కర్తెకే చదివాను. ఆవిడ, "మంచి పనే సేసినాది. ఆలీసమైనాది, అంతే" అంది.

ఆ తర్వాత నేను తిన్నగా సత్యం ఇంటికి వెళ్లాను. కామేశ్వరి చేపలు ఆరబెడుతోంది. జనవరి సంగతి చెప్పి, మా అమ్మాయి తప్పు ఒప్పుకుందని చెప్పాను.

"నాకు తెలుసు బావా" అంది. "ఆ పిల్ల మొకం సూత్తే తెలిసిపోనాది. బోటు ఒచ్చిన రోజున నన్ను సూసి గోడ సాటుకి ఎల్లిపోనాది. ఊరు ఎల్లిపోయే పిల్ల, ఎందుకు ఏడిపించడం అని నాను ఎవులికీ సెప్పలేదు. రెండు రోజులు ఆ సేపల పులుసే ఏడెక్కించుకుంట కూకున్నాను. కానీ బావా, ఇంకోతూరి అలగ సెప్పీకండి."

మిషను ఇంకోసారి అలా చెప్పదని మాటిచ్చి వచ్చాను.

వీరేంద్ర సీడీ ఇస్తూ, "మావయ్యా, నెలన్నరలో ఇది మూడోతూరి. నువ్వు నా షాపులో పనికి ఒచ్చీ" అన్నాడు. ఒక్కో కమాండు ఒక్కోసారే కొట్టి, ఏమీ అనకపోతే దండం పెట్టి ముందుకు వెళ్లాను. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నానికి కొత్తది కూర్చుంది, నీ సెటప్ నడిచింది. పేర్లు ఎక్కించడానికి ఒక రోజున్నర మిగిలింది. వాచిన వేలితో ముప్పై ఒకటి సాయంత్రానికి అరవై నాలుగు బోట్లు ఎక్కించాను. మిగతావి పొద్దున్నే కిటికీ దగ్గరే ఎక్కిద్దామనుకున్నాను.

ఒకటో తారీఖు తెల్లవారేసరికి కిటికీ ముందు జనం. నెలన్నర ఆగిన వేట, ఎవరికీ ఓపిక లేదు. నేను ఒక్కో అక్షరం వెతుకుతున్నాను. కామరాజు కిటికీ చువ్వలు పట్టుకుని, "బావా, నువ్వు కొట్టీసరికి సేపలు ముసలైపోతాయి" అన్నాడు. శ్రీనివాసరావు వెనక నిలబడి, వలలు మోసేవాళ్లని పిలవమంటావా అన్నట్టు చూస్తున్నాడు. అప్పుడు అనూరాధ లోపలికి వచ్చి, "మావయ్యా, నువ్వు సెప్పు, నాను కొడతాను" అంది. లేచి కుర్చీ ఇచ్చాను. పది వేళ్లతో కొట్టింది తల్లీ. నేను పేరు పూర్తిగా చెప్పేలోపే ఆ పిల్ల వేళ్లు తర్వాతి పేరు కోసం ఆగి ఉన్నాయి. శ్రీ నూకాలమ్మ తల్లి కామరాజు. శ్రీ నూకాలమ్మ తల్లి సత్యం. ఎవరి పేరు వాళ్ల బోటు పక్కన నిండుగా కనబడుతోంది. కామరాజు చువ్వల్లోంచి చూసి, తన పేరు చదువుకుని బోటెక్కాడు.

నూట పదకొండు అయ్యాయి. నూట పన్నెండోది ఆగింది. ఎర్రర్. అది సెక్రటరీ బోటు. రంగు వేయించినప్పుడు శ్రీనివాసరావు ఇద్దరు మనవల పేర్లూ బోటు మీద కలిపి రాయించాడు, అవి కూడా ఎక్కించమన్నాడు. శ్రీ, అమ్మవారు, తల్లి, తన పేరు, పెద్ద మనవడు, చిన్న మనవరాలు. అరవై దాటిపోయింది. నువ్వు అడగనివ్వమన్నావు, అడగనిచ్చాను.

"ఏదో ఒకటి తీసీ బావా" అన్నాను.

"ఏది తీసీమంతావు? మనవడిని తీత్తే కొడుకు ఊరుకోడు, మనవరాలిని తీత్తే మా ఇంటిది అన్నం ఎట్టదు."

"అమ్మోరిని తీసీమను" అని జనంలోంచి ఎవరో అన్నారు. శ్రీనివాసరావు చెంపలు వేసుకున్నాడు. ఎనిమిది బోట్లు ఇంజన్లు ఆన్ చేసుకుని ఎదురుచూస్తున్నాయి. చివరికి సెక్రటరీ, "నా పేరు తీసీ. నాను సెక్రటరీనని అందరికీ తెలుసు గదా" అన్నాడు. అనూరాధ తీసేసింది. మిషను ఏమీ అనలేదు. నూట పన్నెండూ నీళ్లలోకి వెళ్లాయి.

రెండో తారీఖు సాయంత్రం నుంచి బోట్లు తిరిగి రావడం మొదలైంది. కామేశ్వరి వచ్చింది. నేను అలవాటుగా జెట్టీ వైపు తల తిప్పాను. ఈలోగా అనూరాధ తెర చూసి, "మా మావగారిది ఒచ్చినాది పిన్నీ. సెక్రటరీ గారిది ఒచ్చినాది. మీది ఇంకా నీలల్లోనే ఉంది" అని చెప్పేసింది. కామేశ్వరి, "అలగైతే కూకుంతాను" అని జెట్టీ మీద గోనె పరుచుకుంది. సత్యం నిన్న పొద్దున్న వచ్చాడు. ఈసారి ఆవిడ ఇంటికి వెళ్లి ఎదురుచూడలేదు.

నిన్న మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. కంప్యూటరు ఎక్కడికీ కదలదని, గది దానిదేనని రాసుకున్నారు. తర్వాత శ్రీనివాసరావు నా పక్కకి వచ్చి, కాస్త మొహమాటంగా చెప్పాడు.

"తాతబాబు బావా, మరేటీ అనుకోకు. మిసను ఇప్పుడు బోట్ల పేర్లు తనే సరిగ్గా సెప్తంది. ఆ పిల్ల రెండు సేతులతోటీ కొడతంది. కిటికీకాడ ఇద్దరెందుకని కమిటీ అంతంది. అనూరాధని ఉంచుతామంతన్నారు."

పాపం, నేను బాధపడతాననుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని జెట్టీ చివరిదాకా తీసుకెళ్లాను. వలలు దులుపుకుంటున్న వాళ్లందరికీ చెప్పాను. "నా ఉద్యోగం నా కూతురు తీసీసింది. ఇక నా కళ్లతో పని లేదంట, తెర సూత్తే సాలంట." మైఖేలు, "దానికి ఇంత సంబరమేటి?" అన్నాడు. వాడికి చెప్పినా అర్థం కాదు. వాడి కూతురు ఇంకా చిన్నది.

ఇప్పుడు పొద్దున్నే లేచి వెళ్లాల్సిన చోటు లేదు. మీ అమ్మకు కూడా నాకు అన్నం మోసుకొచ్చే పని తప్పింది. అందుకని దుర్గారావుని అడిగి, పదహారో తారీఖు ఓడకు ఇద్దరికీ టికెట్లు రాయించాను. మీ అమ్మ అప్పుడే నీకని నెత్తళ్ల చేపలు ఎండబెట్టింది, ఉప్పు ఎక్కువైందని తనని తనే తిట్టుకుంటోంది. మీ ఆఫీసులో కిటికీ ఉంటే ఆ పక్కన నాకొక స్టూలు వేయించు. ఏమీ ముట్టుకోను. ఊరికే కూర్చుని నువ్వు కొడుతుంటే చూస్తాను.

ముప్పై అయిదేళ్లు బోటు మీద పని చేశాను, రెండేళ్లు కిటికీ దగ్గర పని చేశాను. ఏ పనిలోంచీ ఇంత సంతోషంగా దిగలేదు తల్లీ.

నీ నాన్న,
మైలపల్లి తాతబాబు